నేనెవరో చెప్పాల్సింది ఎవరు?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారనీ అంటారు. రెండూ మన సామెతలే. చాలా ఇళ్లలో రెండూ ఒకే నోట వినిపిస్తాయి: పక్కింటి కుర్రాడు దారి తప్పితే మొదటిది, సొంత కొడుకు దారి తప్పితే రెండోది.

చదువుకున్నవాళ్ల వాదన కూడా దీనికంటే మరీ గొప్పగా ఏమీ లేదు. మనిషి పుడుతూనే ఫలానాగా పుడతాడా, లేక సమాజం అతన్ని అలా తయారుచేస్తుందా అన్న గొడవని ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లిష్ పెద్దమనిషి 1870ల్లో ఓ సైన్సు ప్రశ్నగా నిలబెట్టాడు. అప్పట్నుంచి ఒక తరం జన్యువుల వైపు మొగ్గితే తర్వాతి తరం పెంపకం వైపు మొగ్గుతోంది. అంతా డీఎన్ఏలోనే ఉందనేవాళ్లూ, అంతా సమాజం రుద్దిందే అనేవాళ్లూ ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఎవరో ఒకరు లేచి ‘రెండూ కొంచెం కొంచెం’ అంటారు. వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ, ఆ జవాబుతో ఏ చిక్కూ విడిపోదు.

నేను తెలుగువాణ్ణి. నేను మగవాణ్ణి. నాది ఫలానా కులం. నాకు కోపం ఎక్కువ. నాది ఎడమచేతి వాటం. అన్నీ ‘నేను’ గురించిన మాటలే, కానీ కొన్ని ఒంట్లోంచి వచ్చినవి, కొన్ని ఇంట్లోంచి వచ్చినవి, కొన్ని ఊళ్లోంచి వచ్చినవి. వీటన్నిటినీ ఒక్క గాటన కట్టి ‘ఇది పుట్టుకా, పెంపకమా’ అని అడుగుతాం. గొడవ తెగకపోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగం ఇంకా ముఖ్యమైనది: నేనెవరో నాకు లోపల అనిపించడం వేరు, నలుగురూ నన్ను ఫలానా అని తేల్చడం వేరు. ఈ రెండింటికీ మనం ‘గుర్తింపు’ అనే ఒకే పేరు పెట్టుకున్నాం.

డెబ్బై శాతం అంటే ఏమిటి?

1979లో అమెరికాలోని ఒహాయోలో ఇద్దరు కవలలు 39 ఏళ్ల వయసులో కలుసుకున్నారు. నాలుగు వారాల పసికందులుగా ఉన్నప్పుడు వేర్వేరు ఇళ్లకు దత్తత వెళ్లినవాళ్లు. ఇద్దరి పేరూ జిమ్. ఇద్దరికీ మొదటి భార్య పేరు లిండా, రెండో భార్య పేరు బెట్టీ. చిన్నప్పుడు పెంచుకున్న కుక్క పేరు కూడా ఇద్దరికీ టాయ్. పేపర్లకి ఇంతకంటే ఏం కావాలి? మినెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ అనే సైకాలజిస్టు, విడివిడిగా పెరిగిన కవలల మీద అధ్యయనం మొదలుపెట్టింది వీళ్లతోనే.

భార్య పేరుని నిర్ణయించే జన్యువు లేదు. ఆ కాలపు అమెరికాలో లిండాలూ బెట్టీలూ వీధికొకరు ఉండేవాళ్లు. ఇద్దరూ పెరిగింది ఒకే రాష్ట్రంలో, ఇంచుమించు ఒకే రకం ఇళ్లలో. కాబట్టి ఆ ముచ్చట్లని అలా ఉంచి, అధ్యయనం తేల్చిన అసలు విషయానికి వద్దాం. 1990లో బుషార్డ్ బృందం ఐక్యూలో కనిపించే తేడాల్లో దాదాపు 70 శాతానికి జన్యువుల తేడాలతో సంబంధం ఉందని ప్రకటించింది. జనం దీన్ని ‘నా తెలివిలో 70 శాతం అమ్మానాన్నలది, 30 శాతం స్కూలుది’ అని చదువుకున్నారు. లెక్క అది కాదు.

పులిహోర రుచిలో చింతపండు వాటా ఎంత శాతం, పోపు వాటా ఎంత శాతం అని ఎవరూ అడగరు. అడిగినా అర్థం లేదు. కానీ పది ఇళ్ల పులిహోర తెప్పించి, వాటి మధ్య తేడా ఎక్కువగా చింతపండు వల్ల వచ్చిందా, పోపు వల్ల వచ్చిందా అని అడగొచ్చు. ఆ పది ఇళ్లూ ఒకే కొట్లో చింతపండు కొంటే, తేడా అంతా పోపులోనే కనిపిస్తుంది. అంతమాత్రాన పులిహోరకి చింతపండు అక్కర్లేదని కాదు కదా. వారసత్వ శాతం కూడా ఇలాంటిదే. అది ఒక గుంపులోని మనుషుల మధ్య తేడా గురించిన లెక్క. ఒక్క మనిషి గురించి అది ఏమీ చెప్పదు. పరిస్థితులు మారితే ఆ శాతమూ మారుతుంది.

ఎత్తు సంగతే చూడండి. తిండికి లోటు లేని దేశాల్లో మనుషుల ఎత్తులో కనిపించే తేడాలకి చాలావరకు జన్యువులే కారణం. అయినా దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన ఆడవాళ్లకంటే 1996లో పుట్టినవాళ్లు సగటున 20 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు ఎదిగారు. నూరేళ్లలో కొరియన్ల జన్యువులు మారిపోలేదు. తిండి మారింది, రోగాలు తగ్గాయి.

పుట్టుకతో వచ్చింది కాబట్టి మార్చలేం అనుకోవడం ఇంకో పొరపాటు. ఫినైల్‌కీటోన్యూరియా అని ఒక జబ్బుంది. పూర్తిగా జన్యువు వల్ల వచ్చేదే. మాంసకృత్తుల్లో ఉండే ఒక పదార్థాన్ని ఆ పిల్లల ఒళ్లు అరిగించుకోలేదు. అది పేరుకుపోయి మెదడుని దెబ్బతీస్తుంది. కానీ పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ దగ్గర రక్తపు చుక్క తీసి పరీక్ష చేసి, ఆ పదార్థం బాగా తగ్గించిన తిండి పెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. జన్యువు అదే, జీవితం వేరు.

తాతా, టాటా

మన భాషకి బాగా దగ్గరి ప్రయోగం ఒకటుంది. కెనడాలోని వాంకూవర్‌లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు 1984లో ప్రచురించారు. ఇంగ్లిష్ ఇళ్లలో పెరుగుతున్న పసిపిల్లలకి హిందీలోని ‘ట’, ‘త’ శబ్దాలు వినిపించారు. ఒకటే శబ్దం వస్తూ వస్తూ రెండోదానికి మారినప్పుడు బిడ్డ తల తిప్పితే, పక్కనున్న పెట్టెలో లైటు వెలిగి బొమ్మ ఆడుతుంది. తేడా పట్టుకున్న బిడ్డ బొమ్మ కోసం తల తిప్పుతుంది, పట్టుకోలేని బిడ్డ తిప్పదు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ తిప్పారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ పని చేయగలిగినవాళ్లు కొద్దిమందే మిగిలారు. హిందీ ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకి మాత్రం ఆ వయసులోనూ తేడా తెలుస్తూనే ఉంది.

అంటే ‘అత్త’కీ ‘అట్ట’కీ తేడా వినగలిగే చెవి మనకి తెలుగువాళ్లుగా పుట్టడం వల్ల రాలేదు. అది ప్రపంచంలో ప్రతి బిడ్డకీ ఉంటుంది. మన ఇల్లు దాన్ని నిలబెట్టింది, ఇంగ్లిష్ ఇల్లు దాన్ని అణిచేసింది. డాలస్‌లో పుట్టిన మనవడు వీడియో కాల్‌లో తాతని ‘టాటా’ అంటే రక్తంలో తెలుగు పలచబడిందని కాదు, మొదటి ఏడాది చెవిన పడింది ఇంగ్లిషే ఎక్కువ అని అర్థం. ఇందులో పుట్టుక ఎక్కడ ఆగింది, పెంపకం ఎక్కడ మొదలైంది? గీత గీయడం కష్టం. నేర్చుకునే శక్తి పుట్టుకతో వచ్చింది, ఏం నేర్చుకోవాలో పుట్టాక తేలింది. గీత గీయలేకపోవడం మన చేతకానితనం కాదు, పని జరిగే తీరే అది.

అదేదో తెల్లకాగితం అనుకున్నారు

పెంపకమే సర్వస్వం అని నమ్మి చేసిన పనుల్లో అన్నిటికంటే దారుణమైనది కెనడాలోనే మొదలైంది. 1965లో విన్నిపెగ్‌లో ఇద్దరు మగ కవలలు పుట్టారు. మరుసటి ఏడాది సున్తీ ఆపరేషన్‌లో యంత్రం వికటించి ఒక బిడ్డ పురుషాంగం కాలిపోయింది. ఏం చేయాలో తెలియని తల్లిదండ్రులు టీవీలో చూసిన ఒక నిపుణుణ్ణి ఆశ్రయించారు. ఆయన అమెరికా విశ్వవిద్యాలయం జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసే జాన్ మనీ. ఆడా మగా అన్న భావన మొదటి రెండు మూడేళ్లలో పెంపకం వల్లే స్థిరపడుతుందని ఆయన సిద్ధాంతం. ఆయన సలహాతో బిడ్డకి రెండేళ్లు నిండకముందే మరో ఆపరేషన్ చేయించి, బ్రెండా అని పేరు పెట్టి, గౌన్లు తొడిగి ఆడపిల్లగా పెంచారు.

సిద్ధాంతకర్తకి ఇంతకంటే అనుకూలమైన కేసు దొరకదు. ఒకే గర్భంలో పెరిగిన, ఒకే జన్యువులున్న ఇద్దరిలో ఒకరు మగపిల్లాడిగా, ఒకరు ఆడపిల్లగా పెరుగుతున్నారు. ప్రయోగం విజయవంతమైందని 1970ల్లో మనీ రాసుకున్నాడు. పాఠ్యపుస్తకాలు దాన్ని ఎత్తి రాశాయి. ఇంట్లో జరుగుతున్నది వేరు. బ్రెండా గౌను చింపేసేది, బొమ్మలు విసిరేసి తమ్ముడి ఆటబొమ్మలు లాక్కునేది, స్కూల్లో ఎవరితోనూ కలవలేకపోయేది. 1980లో, 14 ఏళ్ల వయసులో, తండ్రి నిజం చెప్పాడు. అప్పుడు తనకి పిచ్చేమీ లేదని అర్థమైందని ఆ బిడ్డ తర్వాత చెప్పుకున్నాడు. డేవిడ్ అని పేరు పెట్టుకుని మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. మిల్టన్ డైమండ్, కీత్ సిగ్మండ్సన్ 1997లో ఈ కథని ప్రచురించేదాకా వైద్య ప్రపంచం మనీ రాసిందే నమ్మింది. 2002లో తమ్ముడు పోయాడు. 2004లో, 38 ఏళ్ల వయసులో, డేవిడ్ తన ప్రాణం తనే తీసుకున్నాడు.

ఈ కథ చెప్పి ‘చూశారా, అంతా పుట్టుకే’ అని ముగించేవాళ్లు చాలామంది. తొందరపడకూడదు. 1998లో మరో కేసు వైద్య పత్రికలోకి ఎక్కింది. అది కూడా కెనడాలోదే, అది కూడా సున్తీలో జరిగిన ప్రమాదమే. ఏడు నెలల వయసు నుంచి ఆడపిల్లగా పెంచారు. 26 ఏళ్లు వచ్చాక అడిగితే తాను స్త్రీనే అని ఆమె చెప్పింది. ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టుకుంటే పుట్టుకవాదికీ నిద్ర పట్టదు, పెంపకంవాదికీ పట్టదు. నాకు మాత్రం వీటిలో కనిపించేది ఒకటే. బయటివాళ్లు ఎంత నమ్మకంగా ముందే రాసిపెట్టినా, జవాబు చివరికి ఆ మనిషి నోటి నుంచే వచ్చింది. డేవిడ్ విషయంలో ఆ నోరు పన్నెండేళ్లుగా చెబుతూనే ఉంది. వినాల్సినవాడికి సిద్ధాంతం అడ్డొచ్చింది.

పుట్టుకతోనే దొంగలు

ఇప్పుడు రెండో వైపు. ఇది మన గడ్డ మీద జరిగింది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. దాని వెనక తర్కం ఇలా సాగింది: ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె, కాబట్టి దొంగ కొడుకు దొంగ. మొదట ఉత్తరాదిలో అమలైన ఈ చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లు అందులో చిక్కుకున్నారు. పేరు రిజిస్టర్‌కి ఎక్కితే వేలిముద్రలివ్వాలి, పిలిచినప్పుడల్లా హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాస్ తీసుకోవాలి. చేసిన నేరం ఏమీ లేకపోయినా సరే, ఫలానా ఇంట్లో పుట్టడమే చాలు.

అసలు ఎరుకలవాళ్లు ఏం చేసేవాళ్లు? గాడిదల మీదా ఎద్దుల మీదా కోస్తా నుంచి ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకి వెళ్లి, ధాన్యం తెచ్చుకునేవాళ్లు. ఉప్పు ఎరుకలు అని ఒక శాఖకి పేరే ఉంది. బుట్టలల్లేవాళ్లు, ఆడవాళ్లు ఎరుక చెప్పేవాళ్లు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది, రైళ్లొచ్చాయి, అడవుల మీద ఆంక్షలొచ్చాయి. పొట్ట గడిచే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. తిరిగే మనుషులు తిరుగుతూనే ఉన్నారు గానీ ఇప్పుడు వాళ్ల వీపున ఉప్పు బస్తా లేదు. తిరగడమే అనుమానానికి కారణమైంది.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. 1910ల్లో ఎరుకల కుటుంబాల్ని అక్కడికి చేర్చి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకి అప్పగించారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి పెట్టారు. అక్కడివాళ్లని చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి పంపేవాళ్లు.

ఈ చట్టంలో ఒక విచిత్రం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేరం రక్తంలో ఉందని నమ్మినవాళ్లే, 1897 సవరణలో, నాలుగేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే సెటిల్‌మెంట్‌లో పెట్టే వీలు కల్పించుకున్నారు. రక్తంలోనే ఉంటే విడదీసి ఏం లాభం? పెంపకంలో ఉంటే పుట్టిన బిడ్డని రిజిస్టర్‌కి ఎక్కించడం ఎందుకు? తల్లిదండ్రుల్ని కట్టేయడానికి పుట్టుక సిద్ధాంతం, పిల్లల్ని లాక్కోవడానికి పెంపకం సిద్ధాంతం. ఏ వాదం ఎప్పుడు పనికొస్తే అది తీశారు. అందుకే ‘పుట్టుకే’ అనేవాళ్లు అభివృద్ధి నిరోధకులనీ, ‘సమాజమే’ అనేవాళ్లు అభ్యుదయవాదులనీ సులువుగా విడగొట్టే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు.

ఇయన్ హాకింగ్ అనే కెనడా తత్వవేత్త 1980ల్లో చెప్పిన మాట ఒకటి ఇక్కడ పనికొస్తుంది. రాయికి ఏ పేరు పెట్టినా రాయి మారదు. మనిషికి పేరు పెడితే ఆ పేరు మనిషి వింటాడు. విన్నాక మారతాడు. మారిన మనిషిని చూసి పేరు పెట్టినవాడు ‘నేను ముందే చెప్పానుగా’ అంటాడు. స్టూవర్టుపురం దొంగ అనే మాట పేపర్లలో, సినిమాల్లో, మన మాటల్లో ఎంతగా నలిగిందో తెలిసిందే. ఆ ఊరి పేరు చెప్పుకుని పనికి వెళ్లినవాడికి పని దొరకదు. పని దొరకనివాడు ఏం చేస్తాడన్నది రక్తం గురించిన ప్రశ్న కాదు.

చట్టం పోవడానికి మన తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక ఒక కారణం. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కానీ ముద్ర పోవడానికి రద్దు సరిపోలేదు. జాషువా కుమార్తె హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి 1970ల్లో ఆ ఊరికి వెళ్లి పనిచేయాల్సి వచ్చింది. ఇటీవల, 2024 అక్టోబరులో కూడా, జైలు మాన్యువళ్లలో ఒకప్పుడు నేరస్థ తెగలని ముద్రపడి, రద్దు తర్వాత విముక్త జాతులైనవాళ్లని పుట్టుకని బట్టి వేరుగా చూసే నిబంధనల్ని సుప్రీంకోర్టు కొట్టేయాల్సి వచ్చింది.

మరి మనుషుల్ని ఇలా గుంపులుగా చూసే బుద్ధి ఎక్కడిది? బహుశా అది మాత్రం పుట్టుకతో వచ్చిందే. హెన్రీ తాజ్‌ఫెల్ అనే సైకాలజిస్టు పోలండ్ యూదుడు. ఫ్రెంచ్ సైన్యంలో ఉండి జర్మన్లకి పట్టుబడ్డాడు. తాను పోలండ్ యూదుణ్ణని బయటపడకుండా యుద్ధఖైదీగా బతికి బయటికొచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆయన బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల స్కూలు పిల్లలకి ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, ఎవరివి నచ్చాయో దాన్ని బట్టి రెండు జట్లు చేశామని చెప్పాడు. నిజానికి ఇష్టమొచ్చినట్టు విడగొట్టాడు. ఆ పిల్లలకి డబ్బు పంచే పని ఇస్తే ముక్కూమొహం తెలియని సొంత జట్టుకే ఎక్కువ ఇచ్చారు. తమ జట్టుకి వచ్చేది కొంచెం తగ్గినా పర్లేదు, అవతలి జట్టుకంటే తేడా ఎక్కువగా ఉండాలనుకున్నారు. గీత గీసే అలవాటు లోపల ఉంది. గీత ఎక్కడ పడాలో బయట తేలుతుంది.

లోపలి మాట, బయటి మాట

1871 చట్టంలో రెండో భాగం హిజ్రాల గురించి. వాళ్ల పేర్లు, ఆస్తులు రిజిస్టర్‌లో రాయాలి. ఆడబట్టల్లో వీధిలో కనిపిస్తే శిక్ష. అదే అచ్చుతో నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం చేశారు. వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. ఈ చట్టం నిజాం పోయినా, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా, తెలంగాణ విడిపోయినా పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న, నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు జెండర్ విషయంలో మనిషి తనని తాను ఏమని చెప్పుకుంటే అదే ప్రమాణమంది. ఆపరేషన్ చేయించుకోవాలని ఒత్తిడి చేయకూడదంది. డాక్టరు పరీక్ష కాదు, లోపలి మాటే ముఖ్యం. పుట్టుకా పెంపకమా అన్న చర్చ తేలేదాకా కోర్టు ఆగలేదన్నది గమనించాలి. తేలాల్సిన అవసరమూ లేదు. నేను స్త్రీని అని ఎందుకు అనిపిస్తోందో జన్యుశాస్త్రం చెప్పగలిగినా, చెప్పలేకపోయినా ఆమె బతుకుని నడిపేది ఆ అనిపించడమే.

సరే, అలాగైతే కులం కూడా చెప్పుకున్నదే ప్రమాణం అందామా? ఇది వాదన కోసం వేసే ప్రశ్నలా అనిపిస్తుంది గానీ, నిజంగానే కోర్టుకి వచ్చింది. కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో లెక్చరర్ పోస్టు కేసులో ఒక సిరియన్ క్రిస్టియన్ మహిళ, వెనకబడిన వర్గానికి చెందిన లాటిన్ కాథలిక్‌ని పెళ్లి చేసుకుని, ఆ వర్గం రిజర్వేషన్ కోరారు. పెళ్లితో కుటుంబంలో సభ్యురాలు అవుతుంది గానీ రిజర్వేషన్ రాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె చిన్నప్పటి నుంచి ఆ వర్గం పడ్డ ఇబ్బందులు పడి పెరగలేదు కాబట్టి.

తేడా ఇక్కడుంది. జెండర్ ప్రధానంగా లోపలి మాట. కులం ప్రధానంగా బయటి మాట, అంటే నలుగురూ నిన్ను ఎక్కడ కూర్చోబెట్టారు, ఏ బావిలో తోడుకోనిచ్చారు, ఏ పిల్లనిచ్చేది లేదన్నారు అన్నది. అది ఒంట్లో లేదు. ఏ రక్త పరీక్షలోనూ దొరకదు. అలాగని ఊహ కూడా కాదు. సమాజం కట్టింది కాబట్టి ఉత్తిదే అనుకోవడం, పుట్టుకతో వచ్చింది కాబట్టి మారదనుకోవడం లాంటిదే. నోటు కూడా సమాజం కట్టిన విలువే, అయినా అది లేకపోతే పూట గడవదు.

2012లో రమేశ్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో ఈ చిక్కు ఇంకా దగ్గరగా వచ్చింది. గుజరాత్‌లో తండ్రి అగ్రకులం, తల్లి నాయక్ అనే గిరిజన తెగ. బిడ్డ ఎవరు? తండ్రి కులమే బిడ్డ కులం అన్న ఊహతో మొదలుపెట్టొచ్చు గానీ అది చివరి మాట కాదని సుప్రీంకోర్టు చెప్పింది. తనని పెంచింది తల్లి అనీ, అగ్రకులపు తండ్రి కొడుకుగా తనకి కలిసొచ్చింది ఏమీ లేదనీ, తల్లి తరపువాళ్లు పడ్డ అవమానాలే తనూ పడ్డాడనీ, ఊళ్లో తనని ఆ తెగవాడిగానే చూశారనీ ఆ బిడ్డ రుజువు చేసుకోవచ్చంది.

పుట్టుక ఒక ఊహ, బతుకు ఒక రుజువు. న్యాయపరంగా చూస్తే చాలా తెలివైన తీర్పు. కానీ ఆ రుజువు ఎక్కడి నుంచి తేవాలి? కలిసి భోంచేయనివ్వలేదని ఎవరు సంతకం పెట్టిస్తారు? తండ్రి కులం తేల్చడానికి ఒక సర్టిఫికెట్ చాలు. తల్లితో పెరిగిన ఇరవై ఏళ్లు తేల్చడానికి పక్కింటివాళ్లూ, పంతుళ్లూ, చుట్టాలూ వచ్చి చెప్పాలి, వాళ్లలో కొందరు అవమానించినవాళ్లే అయివుంటారు. ఆ కేసులో కోర్టు ఆయన ఎవరో తానే తేల్చలేదు. ఆధారాలు చూసి మళ్లీ విచారించమని వెనక్కి పంపింది.